బూజును ఉండనివ్వండి, గింజను పారేయండి

వానకాలంలో నాలుగు ముసుర్లు పడగానే, మట్టిపెట్టె ఉన్న ప్రతి ఇంట్లోనూ ఒక కలవరం మొదలవుతుంది. మట్టిపెట్టె అంటే పిల్లలు పెంచుకునే హామ్‌స్టర్‌కో, తెల్ల ఎలుకకో, చెవులపిల్లికో తవ్వుకోవడానికి మన్ను నింపి, అందులో గరికా మెంతీ నాటి ఇచ్చిన పెట్టె. నాటిన వారం పది రోజులకు మట్టి మీద, అందులో వేసిన కట్టెముక్క మీద తెల్లని నూగు కనిపిస్తుంది. “గంత బూజు పట్టినంక ఇంకేముంది బిడ్డా, ఎత్తి పెంట మీద పారబొయ్యి” అంటుంది నాయనమ్మ. పక్కింటాయన పత్తికి కొట్టగా మిగిలిన మందు ఉందంటాడు. ఫోన్‌లో చూసిన పిల్ల వెనిగర్ చల్లాలంటుంది.

రాయపోల్‌లో గానీ, దౌల్తాబాద్, గజ్వేల్, దుబ్బాక వైపు గానీ ఇలాంటి పెట్టె పెట్టుకున్నవాళ్లకు నేను చెప్పేవి ఈ మాటలన్నిటికీ ఎదురు. చదువుతుంటే తలకిందుల సలహాల్లా ఉంటాయి. ప్రతి ఒక్కటీ మనస్ఫూర్తిగానే చెప్తున్నాను. మట్టి మీది బూజు మీద మనం చేసే యుద్ధం ఆ చిన్న ప్రాణానికి బూజుకన్నా ఎక్కువ హాని చేస్తుంది. ఆ హడావుడిలో, నిజంగా ప్రాణం తీయగల బూజు ఎక్కడుందో చూడటం మరిచిపోతాం. అది మట్టిలో ఉండదు, మేతలో ఉంటుంది.

ముందు ఆ పెట్టె ఎందుకో చెప్పాలి. మన చేన్లలో పరుగెత్తే కుందేలు బొరియ తవ్వదు. గడ్డిలో ఒళ్లు పట్టేంత పల్లం చేసుకుని పడుకుంటుంది. (దాన్ని పట్టి తెచ్చి పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం కూడా.) అంగడిలో అమ్మే తెల్ల చెవులపిల్లి వేరే జాతి. దాని మూలం యూరప్ కుందేలు, అది బొరియల్లో బతికే జంతువు. హామ్‌స్టర్ సంగతి ఇంకా స్పష్టం. ఇళ్లలో పెరుగుతున్న బంగారురంగు హామ్‌స్టర్లు దాదాపు అన్నీ 1930లో సిరియాలోని అలెప్పో దగ్గర ఇజ్రాయెల్ అహరోని అనే జంతుశాస్త్రవేత్త తవ్వించి తీసిన ఒక తల్లీ పిల్లల సంతానమే. ఆ ప్రాంతపు పొలాల్లో అడవి హామ్‌స్టర్ల బొరియలను తర్వాతి కాలంలో జర్మన్ పరిశోధకులు కొలిచారు. సగటు లోతు 65 సెంటీమీటర్లు తేలింది, రెండడుగుల పైమాట. స్విట్జర్లాండ్ పరిశోధకులు 2006లో ప్రచురించిన ఇంకో పరిశీలనలో 10 సెంటీమీటర్ల పొట్టులో ఉంచిన హామ్‌స్టర్లు పంజరం కడ్డీలు కొరుకుతూ ఉండిపోయాయి. 80 సెంటీమీటర్ల లోతున్న వాటిలో ఆ కొరుకుడు ఎంతో తక్కువ. తవ్వడం వాటికి ఆట కాదు, బతుకు. బూజుకు భయపడి ఆ మట్టిని ఎత్తిపోస్తే దాని బతుకులో సగం ఎత్తిపోసినట్టే.

బూజు కనబడగానే ఏమీ చేయకండి

కొత్త పెట్టెలో మొదటి నెలలో వచ్చే తెల్ల నూగు చాలావరకు కుళ్లబెట్టే శిలీంధ్రాల పని. కొబ్బరిపొట్టులో, ఎండుటాకులో, కట్టెముక్కలో వాటికి తిండి ఉంది. కొత్త మట్టిలో వాటిని తినే పురుగూ లేదు, వాటితో పోటీపడే సూక్ష్మజీవీ ఇంకా కుదురుకోలేదు. అందుకే మొదట అవి విజృంభిస్తాయి. సులువుగా దొరికే చక్కెరలూ పిండిపదార్థాలూ అయిపోగానే వాటంతటవే తగ్గుతాయి. మూడు నాలుగు వారాలు ఓపిక పట్టండి. నూగు మరీ గుబురుగా ఉంటే, చెవులపిల్లినో ఎలుకనో బయటికి తీసి, ఆ కట్టెముక్కను కడిగి ఎండలో పెట్టండి. మట్టి మీద ఉంటే చెంచాతో పైపొర తీసేయండి. అంతకుమించి అవసరం లేదు.

బూజంటేనే హాని అని నమ్మే రైతు కుటుంబాలకు ఒక్క సంగతి గుర్తుచేస్తాను. వేరుకుళ్లు రాకుండా మీరు పొలంలో వేసే ట్రైకోడెర్మా విరిడె ఒక బూజే. ఎకరానికి రెండు కిలోల పొడిని 90 కిలోల మాగిన పశువుల ఎరువులో, 10 కిలోల వేపపిండిలో కలిపి, నీళ్లు చల్లి, నీడలో గోనెపట్టా కప్పి ఉంచమని వ్యవసాయ అధికారులు చెప్తారు. వారం పది రోజులకు ఆ కుప్ప మీద తెల్లగా, తర్వాత పచ్చగా పరుచుకునేదే ఆ బూజు. అది పరుచుకున్నాకే దుక్కిలో చల్లుతారు. డబ్బులిచ్చి కొని, నీడ పట్టి, తడి ఇచ్చి మనం బూజు పెంచుతున్నాం. మట్టిలో బూజు మట్టి పని చేస్తుందని ఈ నేలకు ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. అంతమాత్రాన ఆ పొడి తెచ్చి పెట్టెలో కలపకండి. మూతపెట్టిన చిన్న చోట ఆ పొడి పీల్చడం జంతువుకు మంచిది కాదు.

రంగు చూసి కొంత పోల్చుకోవచ్చు. కట్టె మీద, కొబ్బరిపొట్టు మీద తెల్ల దారాలు పారితే వదిలేయండి. రంపపుపొట్టు మీద రాత్రికి రాత్రి పసుప్పచ్చని నురగలాంటిది పొంగితే అది జిగురుబూజు, అసలైన శిలీంధ్రం కూడా కాదు. ఎండి పొడి కాకముందే గరిటెతో తీసేస్తే సరిపోతుంది. కుండీల్లో వచ్చే నిమ్మపండు రంగు చిన్న పుట్టగొడుగులను మాత్రం గొడుగు విప్పుకోకముందే పీకేయండి. వాటిని తింటే కడుపు చెడుతుంది, చెవులపిల్లి ఏది దొరికినా కొరుకుతుంది. తడిసిన అట్టపెట్టె ముక్క మీద, కాగితపు గొట్టం మీద నల్లగా మచ్చలు పడితే ఆ అట్టను వెంటనే బయట పారేయండి. తడిసిన కాగితాన్నీ అట్టనూ ఇష్టపడే నల్లబూజు మనుషుల ఊపిరికీ మంచిది కాదు. ఇక గింజ మీద, పల్లీ మీద, రొట్టెముక్క మీద ఏ రంగు బూజైనా వదిలిపెట్టేది లేదు. దాని గురించి కింద చెప్తాను.

మట్టిని ఎండబెట్టి శుద్ధి చేయకండి

మన ఎండల్లో మట్టిని డాబా మీద పరిస్తే బూజంతా చస్తుందని అనుకుంటాం. పెనం మీద వేయించేవాళ్లూ ఉన్నారు, వేడినీళ్లు పోసేవాళ్లూ ఉన్నారు. కొంత చస్తుంది నిజమే. దాంతోపాటు బూజును అదుపులో పెట్టే సూక్ష్మజీవులూ, కంటికి కనబడని పురుగులూ చస్తాయి. గాలిలో తిరిగే బూజు బీజాలు మాత్రం ఎప్పుడూ ఉంటాయి. ఖాళీ అయిన మట్టి మీద మొదట వాలేవి అవే, ఈసారి ఎదురు లేకుండా పెరుగుతాయి. నర్సరీల్లో ఆవిరితో శుద్ధి చేసిన మట్టి మీద నారింజ రంగులో పరుచుకునే పైరోనీమా అనే శిలీంధ్రం ఇందుకు పేరుమోసింది. కాల్చిన నేల, ఆవిరి పట్టిన నేల దాని చిరునామా. మొలకలను నేలమట్టంలో కుళ్లబెట్టి పడేసే నారుకుళ్లు కూడా, ఒకసారి సోకిందంటే శుద్ధి చేసిన మట్టిలో మరింత వేగంగా పాకుతుంది.

శుద్ధి చేస్తే చేయండి, కానీ మొదటి రోజున, పెట్టె నింపకముందు, ఒక్కసారే. తర్వాత ఆ మట్టిలో ప్రాణం నిలదొక్కుకోనివ్వండి. ప్రతి ఆదివారం మట్టి మార్చే ఇంట్లో బూజు ఎప్పటికీ పోదు.

ఇంట్లో ఉన్న ఏ మందూ చల్లకండి

పత్తి, మిరప, కూరగాయలు పండించే ఊళ్లో అటక మీద బావిస్టిన్ పొట్లమో మ్యాంకోజెబ్ డబ్బానో ఉండటం మామూలే. “రెండు గ్రాములు లీటరు నీళ్లల్ల కలిపి కొట్టు, తెల్లారేసరికి పోతది” అనే మాట బూజు వరకు నిజం కావచ్చు. బావిస్టిన్‌లో ఉండే కార్బెండజిమ్ వానపాములకు తీవ్రమైన విషం. ప్రయోగశాలల్లో మగ ఎలుకల వృషణాలను అది దెబ్బతీస్తుందని చాలాసార్లు రుజువైంది. మీ పెట్టెలో ఉన్నదీ అలాంటి చిన్న ప్రాణే. అది ఆ మట్టిలో ముక్కు పెట్టి, కాళ్లతో తోడి, ఆ కాళ్లనే నాకుతుంది. పొలంలో మందు కొట్టాక ఇన్ని రోజులు కోయవద్దని గడువు పెడతారు. ఈ పెట్టెలో జంతువు పొద్దస్తమానం అక్కడే ఉంటుంది, గడువు ఎక్కడ?

మైలుతుత్తం వద్దు. సున్నం వద్దు. తడి తగిలిన సున్నం అరికాళ్లనూ కళ్లనూ కాలుస్తుంది. బూడిద కోళ్లకు పొడి గుంతలో బాగానే ఉంటుంది గానీ తడిమట్టిలో కలిస్తే క్షారమవుతుంది. దాల్చినచెక్క పొడి తోటల చిట్కాల్లో కనిపిస్తుంది. గుప్పెడంత జంతువు మూసిన బొరియలో ఆ మెత్తని పొడిని పీల్చాల్సి వస్తుంది కాబట్టి అదీ వద్దు. వెనిగర్ చల్లితే పైనున్న నూగు వాలిపోతుంది, లోపలి దారాలు అలాగే ఉంటాయి, ఆ ఘాటుకు జంతువు రెండు రోజులు పెట్టె దగ్గరికే రాదు.

రెండింటి గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. ఒకటి బ్లీచింగ్. మట్టిలాంటి సేంద్రియ పదార్థం తగలగానే దాని బలం చచ్చిపోతుంది, కాబట్టి బూజు పూర్తిగా పోదు. మూత్రంలోని అమ్మోనియాతో కలిస్తే క్లోరమైన్ అనే విషవాయువు పుడుతుంది. రెండోది డాంబర్ గోళీలు. వాసన రాకుండా బట్టల బీరువాలో వేసినట్టు పెట్టె మూలల్లో నాలుగు వేస్తారు. నాఫ్తలీన్ ఎర్ర రక్తకణాలను పగలగొడుతుంది. అరచేతిలో పట్టేంత జంతువుకు ఒక గోళీ కొరికితే చాలు. ఎవరింట్లోనైనా ఈ రెండింటిలో ఏదైనా పెట్టెకు వాడి ఉంటే ఈ వ్యాసం పక్కన పెట్టి ముందు వెళ్లి జంతువును బయటికి తీయండి.

లోతు తగ్గించకండి, అడుగున కంకర వేయకండి

బూజు వచ్చిందని మట్టిని సగానికి తగ్గిస్తారు. లోతు తక్కువైతే నీళ్లు పోసిన ప్రతిసారీ మట్టి అడుగు నుంచి పై వరకు తడుస్తుంది. లోతుగా ఉంటే పైన ఎండి, కింద చెమ్మ నిలుస్తుంది. జంతువు తనకు కావలసిన చోటు తానే ఎంచుకుంటుంది. హామ్‌స్టర్‌కు కనీసం మోచేతి పొడవు లోతు ఇవ్వండి. చెవులపిల్లికి అడుగున్నర, పక్కకు మూడడుగులు ఉంటే తవ్విన మట్టి ఒకవైపు కుప్ప పోసుకోగలుగుతుంది.

కంకర విషయం ఎంత చెప్పినా నమ్మరు. నీరు దిగుతుందని కుండీ అడుగున గులకరాళ్లు వేయడం మన అలవాటు. సన్నని మట్టి కింద ముతక రాయి ఉంటే, పై మట్టి పూర్తిగా నానేదాకా నీరు కిందికి దిగదు. ఆ రెండింటి సరిహద్దులో చిక్కుకుని నిలుస్తుంది. అంటే బురద అంచు పైకి జరుగుతుంది, అంతే. పెట్టె అడుగున రంధ్రాలు వేసి, దోమతెర ముక్క పరిచి, పెట్టె కింద రెండు ఇటుకలు పెట్టండి. గాలి కిందినుంచి ఆడాలి.

మన్ను ఏది అన్న ప్రశ్నకు మనకు ఊళ్లోనే జవాబుంది. నల్లరేగడి వద్దు. తడిస్తే పట్టుకుంటుంది, ఎండితే నెర్రెలు వారి బొరియ కూలుతుంది. చల్కమట్టి మేలు, నీరు నిలవదు. రెండు పాళ్ల చల్కమట్టికి రెండు పాళ్ల కొబ్బరిపొట్టు, ఒక పాలు ఎండుటాకులు కలిపితే బొరియ నిలుస్తుంది. పశువుల పేడ, వర్మికంపోస్టు వేయకండి. మొక్కకు బలమైనదే బూజుకూ బలం. సా మిల్లు నుంచి తెచ్చే సన్నటి రంపపుపొట్టు, ధూళి లేచే ఊక కూడా వద్దు. వరిగడ్డి వేస్తే కరకరలాడేది వేయండి. తడి ఆరకముందే కట్టలు కట్టిన గడ్డి లోపల వేడెక్కి మగ్గిపోతుంది. అలాంటి గడ్డి దులిపిన రైతులకు ఊపిరాడని జబ్బు వస్తుందని 1932లోనే ఇంగ్లండ్‌లో క్యాంప్‌బెల్ అనే డాక్టరు రాశాడు. మనిషికే అంత చేసే ధూళి, గడ్డిలో దూరి పడుకునే చెవులపిల్లిని ఏం చేస్తుందో ఊహించుకోండి.

మొక్కలను కాస్త వాడనివ్వండి

మొక్క వాడిందని పిల్లలు చెంబుతో నీళ్లు పోస్తారు. బూజుకు అదే పండగ. ఈ పెట్టెలో మొక్క పని వేళ్లతో మట్టిని పట్టి ఉంచడం, కాస్త నీడనివ్వడం, కొరుక్కోవడానికి పనికిరావడం. పచ్చగా నిగనిగలాడాల్సిన అవసరం లేదు. మొక్కలను చిన్న మట్టికుండీల్లో పెంచి ఆ కుండీలనే మట్టిలో దించితే నీళ్లు కుండీలోకే పోతాయి. పెట్టె మన్నును పిడికిట్లో నొక్కితే ముద్ద నిలవాలి, వేళ్ల సందుల్లో తడి తేలకూడదు. మొక్క చచ్చిపోతే పీకి ఇంకోటి దించండి.

గరిక, గోధుమ గడ్డి, కొత్తిమీర, మెంతి బాగుంటాయి. గన్నేరు, జిల్లేడు, ఉమ్మెత్త దగ్గరికి రానివ్వద్దు. నీడలో బతుకుతుందని మనీప్లాంట్, ఔషధమని కలబంద నాటుతుంటారు. ఇవి రెండూ కూడా చిన్న జంతువుకు తగవు.

పురుగులు తెచ్చి వేయండి

ఇది విన్నవాళ్లు మొహం చిట్లిస్తారు. బూజు తినే పురుగులుంటే బూజు తనంతట తానే అదుపులో ఉంటుంది. పూలకుండీ కింద పళ్లెంలో నిలిచిన నీటి మీద, తడి ఇటుక కింద ఆవగింజకన్నా చిన్నగా తెల్లగా గంతులు వేసేవి చూసి ఉంటారు. ఇంగ్లీషులో స్ప్రింగ్‌టెయిల్ అంటారు. కడుపు కింద ముడిచి పెట్టుకున్న చిన్న కొక్కెం విప్పి ఎగురుతాయి. బూజు దారాలే వాటి తిండి. జంతువును కుట్టవు, మొక్కను తినవు, ఇంట్లోకి వచ్చినా తడి లేకపోతే బతకవు. మందు కొట్టని పెరట్లో, జామచెట్టు కింద మాగిన ఆకు రెండు గుప్పెళ్లు తెచ్చి ఒక డబ్బాలో వారం ఉంచి చూడండి. పిడుదులు, పేలలాంటివి లేవని నిర్ధారణ చేసుకున్నాకే పెట్టెలో వేయండి. పత్తి చేను గట్టు ఆకు వద్దే వద్దు. లోతైన పెట్టెకు ఎర్రలు నాలుగైదు వేస్తే మట్టి గుల్లబారుతుంది. రాళ్ల కింద ఉండే బూడిద రంగు పొట్టి పురుగులు, ముట్టుకుంటే ఉండ చుట్టుకునేవి, ఎండుటాకును నమిలి బూజుకు తిండి తగ్గిస్తాయి. రోకలిబండలను మాత్రం వేయకండి. వాటి ఒంటి నుంచి కారే ద్రవం నోటినీ కళ్లనూ మండిస్తుంది.

మేత విషయంలో దయ చూపకండి

పైన చెప్పిందంతా ఓపిక గురించి. ఇక్కడ ఓపిక పనికిరాదు.

హామ్‌స్టర్ బుగ్గల్లో నింపుకుని బొరియ చివర దాచుకుంటుంది. పల్లీలు, మక్కలు, పొద్దుతిరుగుడు గింజలు, కీర ముక్క అన్నీ ఒకే కొట్టులో. చెమ్మ ఉన్న మట్టిలో కీర ముక్క రెండు రోజుల్లో కుళ్లి చుట్టూ ఉన్న గింజలను తడుపుతుంది. పైన మట్టి మీది తెల్ల నూగు చూసి మీరు బెంగ పడుతుంటే, అరడుగు కింద పల్లీ మీద పసుపుపచ్చ బూజు పెరుగుతూ ఉంటుంది. దాని పేరు ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్. అది పుట్టించే విషం పేరు అఫ్లటాక్సిన్.

ఈ విషాన్ని లోకం గుర్తించింది పక్షుల చావుతో. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్లు కారణం తెలియకుండా చనిపోయాయి. బ్రెజిల్ నుంచి వచ్చిన బూజు పట్టిన పల్లీచెక్క వాటి దాణాలో ఉందని తర్వాత తేలింది. మన దేశంలో 1974 చివర్లో రాజస్థాన్, గుజరాత్ సరిహద్దు జిల్లాల్లోని గిరిజన గ్రామాల్లో కామెర్లు, కడుపులో నీరు చేరే జబ్బు చెలరేగింది. కోత సమయంలో అకాల వర్షానికి తడిసిన మక్కలు బూజు పట్టాయి. పేదవాళ్లు వాటినే తిన్నారు. మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ నుంచి కృష్ణమాచారి బృందం వెళ్లి పరిశోధించి 1975లో లాన్సెట్ పత్రికలో ప్రచురించింది. 397 మంది జబ్బు పడ్డారు, 106 మంది చనిపోయారు. ఆ ఇళ్లలో అదే తిండి తిన్న కుక్కలకూ అదే జబ్బు వచ్చింది. మనిషి తిండిలోని బూజు ఇంటి జంతువును ఎలా తాకుతుందో చెప్పడానికి నాకు ఇంతకన్నా బలమైన సాక్ష్యం తెలియదు.

మనదీ మక్క పండే నేలే. వానకాలపు పంట కోతకొచ్చే వేళ ముసురు పట్టడం, రోడ్డు మీద ఆరబోసిన మక్కల మీద పట్టాలు కప్పుతూ ఉరకడం రాయపోల్ రైతుకు తెలియనిది కాదు. కొనుగోలు కేంద్రంలో 14 శాతం తేమ దాటితే ఎందుకు తిప్పి పంపుతారో కూడా తెలుసు. ఆ పైన తేమ ఉంటే బూజు ఆగదు. అయితే ఇంటికి తిరిగొచ్చిన ఆ నల్లబడ్డ మక్కలు ఎక్కడికి పోతాయి? “కోళ్లకేద్దాం, చెవులపిల్లికేద్దాం” అంటాం. మనం తినమని పక్కన పెట్టినదాన్ని మనకన్నా బలహీనమైన ప్రాణానికి పెడతాం. ఈ అలవాటు మానమని చేతులు జోడించి అడుగుతున్నాను.

లెక్క వింటే ఎందుకో అర్థమవుతుంది. అఫ్లటాక్సిన్‌కు అతి తేలికగా చచ్చే జంతువుల్లో చెవులపిల్లి ఒకటి. ఒక్క మోతాదులో సగం జంతువులను చంపే పరిమాణం దానికి కిలో బరువుకు దాదాపు 0.3 మిల్లీగ్రాములు. సీమపందికి, అంటే గినీపిగ్‌కు, 1.4కు పైన. హామ్‌స్టర్‌కు 10 దాకా. హామ్‌స్టర్ గట్టిదని సంతోషించకండి, కొద్దికొద్దిగా రోజూ తింటే కాలేయం పాడవడానికి అంత మోతాదు అక్కర్లేదు. అందులోనూ ఈ విషాన్ని ఎండబెట్టినా, కడిగినా, ఇంట్లో వేయించినా పూర్తిగా పోగొట్టలేం. బూజు దులిపేసిన గింజ శుభ్రంగా కనబడుతుంది, విషం లోపలే ఉంటుంది. పాత మెదక్ జిల్లాలోనే ఉన్న పటాన్‌చెరు ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి పల్లీలో ఈ విషాన్ని తగ్గించే మార్గాల మీద, తక్కువ ఖర్చుతో దాన్ని కనిపెట్టే పరీక్షల మీద పనిచేశారు. కంటితో చూసి తేల్చలేని విషయం కాబట్టే పరీక్షలు కావాల్సి వచ్చాయి.

కాబట్టి చేయవలసింది ఇది. తడి కూరగాయలు ఏవైనా సాయంత్రం గిన్నెలో పెట్టి పొద్దున మిగిలింది తీసేయండి, మట్టిలో చల్లకండి. గింజలు చిటికెడే వేయండి, రేపటికి మిగలనంత. వారానికొకసారి, జంతువు వేరే చోట ఉన్నప్పుడు, దాని కొట్టు ఎక్కడుందో వెతికి చేత్తో తడిమి చూడండి. పొడిగా ఉన్నది అక్కడే వదలండి. అదంతా తీసేస్తే అది కంగారు పడి ఇంకా ఎక్కువ దాస్తుంది. తడిగా, మెత్తగా, రంగు మారి ఉన్నది మొత్తం తీయండి. ఒక గింజకు బూజుంటే దాన్ని తాకి ఉన్న గింజలన్నీ పోవాల్సిందే. బొరియ కూలుతుందని జాలిపడకండి, అది మళ్లీ తవ్వుకుంటుంది. పాత పల్లీల సంచి చేదుగా అనిపిస్తే సంచి మొత్తం పారేయండి, కిలో ఖరీదు చూసుకోకండి.

మూత్రం పోసే మూల కూడా ఇంతే. చెవులపిల్లీ హామ్‌స్టరూ ఒకే మూల ఎంచుకుంటాయి. ఆ మూలలో ఒక పళ్లెం పెడితే రోజూ మార్చవచ్చు.

తుమ్మితే ఇంట్లో మందు వేయకండి

బూజు పీల్చి తుమ్ముతుందని తోచగానే చాలామంది పిల్లల దగ్గు మందో, మెడికల్ షాపులో తెచ్చిన అమాక్సిసిలిన్ సిరపో రెండు చుక్కలు పోస్తారు. చెవులపిల్లికి, సీమపందికి, హామ్‌స్టర్‌కు పెన్సిలిన్ జాతి మందులు నోటి ద్వారా ఇస్తే పేగుల్లోని మంచి సూక్ష్మజీవులు చచ్చి, విషం పుట్టించేవి పెరిగి, కొద్ది రోజుల్లో ప్రాణం పోతుంది. బూజుతో బతికి ఉండేది మందుతో పోతుంది. తుమ్ములు కనబడితే పెట్టెనుంచి తీసి పొడి గుడ్డముక్కలున్న గంపలో ఉంచండి, ఒకటి రెండు రోజుల్లో తగ్గకపోతే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. మన పశువైద్యశాలల్లో రోజూ వచ్చేవి బర్రెలూ మేకలూ. కాబట్టి జంతువు బరువు, అది తిన్నది, పెట్టెలో వాడిన మట్టి ఏమిటో కాగితం మీద రాసుకుపోతే డాక్టరుకు పని సులువవుతుంది.

ముక్కు చుట్టూ, చెవుల దగ్గర వెంట్రుకలు ఊడి పొలుసులు రాలితే దాన్ని మట్టి బూజు మీదికి నెట్టకండి. అది తామర కావచ్చు, తామర కూడా శిలీంధ్రమే గానీ ఇది చర్మం మీద బతికే వేరే రకం. ముద్దు పెట్టుకునే పిల్లలకు అంటుకుంటుంది. ఇంట్లో ఉబ్బసం ఉన్నవాళ్లుంటే పెట్టెను పడకగదిలో పెట్టకండి, మట్టి తిరగేసేటప్పుడు వాళ్లు పక్కన ఉండకూడదు, తిరగేసేవాళ్లు ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి.

ఎప్పుడు ఖాళీ చేయాలి

ఇంత చెప్పాక కూడా పెట్టె ఖాళీ చేయాల్సిన రోజు వస్తుంది. దానికి కళ్లకన్నా ముక్కును నమ్మండి. మొదటి వానకు నేల లేపే వాసన వస్తే మట్టి ఆరోగ్యంగా ఉంది, పైన ఎంత తెల్లగా ఉన్నా సరే. కుళ్లిన గుడ్డు వాసన వస్తే అడుగున గాలి ఆడక బురదైంది. కళ్లు మండించే ఘాటు వస్తే మూత్రం దిగింది. ఈ రెండు వాసనల్లో ఏది వచ్చినా, పైన ఒక్క నూగు లేకపోయినా, ఆ రోజే మట్టి తీయాలి.

తీసేటప్పుడు బాగున్న మూల నుంచి, పొడిపొడిగా, పురుగులతో ఉన్న మన్ను మూడో వంతు దాచిపెట్టుకుని కొత్త మట్టిలో కలపండి. కొత్త మట్టికి అదే తోడు, దాంతో ఈసారి తెల్లనూగు చాలా తక్కువ వస్తుంది. పెట్టెను ఉత్త నీళ్లతో కడిగి ఎండలో ఆరబెట్టండి, సబ్బు వాడితే బాగా తొలపండి. పారేసే మట్టిని మల్లెమొదలుకో బంతి మొక్కలకో వేయవచ్చు. కోళ్లు కెలికే చోట మాత్రం పోయకండి. అందులో మీ చేతికి దొరకని పాత గింజలు ఇంకా ఉంటాయి.